బరువు ఏ కాలి మీద ఉంది?

అచ్యుతాపురం చుట్టుపక్కల హైస్కూళ్లలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. బడి వదిలాక మిగిలిన పొద్దంతా ఒకే పనికి పెట్టాను. ఆడుతున్న మనిషిని కాగితం మీదికి తేవాలి, తెచ్చినా ఆట ఆగకూడదు. అరకు గిరిజనుల ధింసా వేశాను, తప్పెటగుళ్లు వేశాను. ఈ వయసులో, ఎన్నడూ ఎదురుగా చూడని అర్జెంటీనా టాంగో వేస్తున్నాను. ఓడల్లో పనిచేసే మా మేనల్లుడు బ్యూనస్ ఎయిర్స్‌లో దిగినప్పుడు, వీధిలో ఆడుతున్న ఒక జంటను ఫోనులో తీసి పంపాడు. నడివయసు దాటిన మామూలు మనుషులు. ఆ వీడియో చూసిననాటి నుంచి నా గది గోడల మీద ఆ జంటే రకరకాలుగా తిరుగుతోంది. బొమ్మలు చూడ్డానికొచ్చే పిల్లలు "మనకెందుకండీ మాస్టారూ ఈ టాంగో?" అని అడుగుతుంటారు. వాళ్లకు అప్పుడొకటి ఇప్పుడొకటిగా చెప్పిన సంగతులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

1. ముందు బరువు, తర్వాతే కాళ్లూ చేతులూ.

కుర్రతనంలో నా దృష్టికి ధింసా అంటే చీరకట్టు, కొప్పులో పూలు, కాళ్లకు అందెలు. తెల్లవారుజామున లేచి విశాఖలో కిరండూల్ పాసింజరు పట్టుకుని, సొరంగాలన్నీ దాటి అరకులో దిగేవాణ్ణి. మోరీ, కిరిడి, తుడుము మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని వరస కట్టేవారు. నేను ఆ చీరల అంచులు, ముక్కుపుడకలు, మెడలో కంటెలు ఎంతో శ్రద్ధగా గీసుకునేవాణ్ణి. ఒకసారి, వరసకు ముందుండి నడిపించే పెద్దావిడ నా బొమ్మ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "బాగుంది బాబూ. అందరం ఫొటోకి నిలబడ్డాం" అంది. మెచ్చుకుంటోందనుకుని సంతోషించాను. ఆ మాటలో ఎంత తీర్పు ఉందో అర్థమయ్యేసరికి నా జుట్టు నెరిసింది.

ధింసాలో అడుగు పక్కకు పడేముందు మోకాలు కొంచెం వంగుతుంది, మడమ లేస్తుంది. వరసలో ఎంతమంది ఉంటే అంతమంది బరువూ ఒక్కసారే ఒక కాలి నుంచి రెండో కాలికి మారుతుంది. ఆట ఉన్నది ఆ మారడంలోనే. చీరలో లేదు, పూలలో లేదు.

టాంగోలో ఇది మరీ తేటగా కనిపిస్తుంది. ఆ నాట్యానికి మూలం నడక. ఒక కాలు ఒంటి బరువంతా మోస్తుంటే రెండో కాలికి పూర్తి స్వేచ్ఛ దొరుకుతుంది. ఆ స్వేచ్ఛ దొరికిన కాలే నేల మీద వంపులు తిరుగుతుంది, ఎదుటివాళ్ల మోకాళ్ల మధ్యకు దూసుకుపోయి తిరిగొస్తుంది. జనం ఆ కాలినే చూస్తారు. బొమ్మ వేసేవాడు మోస్తున్న కాలిని చూడాలి. అది సరిగ్గా కుదిరితే రెండో కాలిని రెండు గీతల్లో తేల్చేసినా చెల్లుతుంది. అది కుదరకపోతే రెండో కాలికి ఎన్ని సొగసులు దిద్దినా బొమ్మ లేవదు.

సాధన చెయ్యాలంటే పూడిమడక ఒడ్డుకు వెళ్లు. వల లాగేటప్పుడు తాడు పట్టుకుని వెనక్కి వాలిన మనుషుల్ని తాడు లేకుండా గియ్యి. వాళ్లు వెల్లకిలా పడిపోతారేమో అనిపిస్తే బరువును పట్టుకున్నావన్నమాట. హాయిగా నిలబడ్డట్టుంటే ఆ కాగితం పక్కన పెట్టి ఇంకొకటి తియ్యి.

2. కెమెరా చెప్పే నిజం చిత్రకారుడికి చాలదు.

కొంతకాలం అరువు కెమెరాతో అరకు తిరిగాను. ఫొటోలు తెచ్చుకుని ఇంట్లో దీపం కింద కూర్చుని చూసి వేసేవాణ్ణి. వేలు వేలుకీ పోలిక కుదిరేది. కదలిక మాత్రం వచ్చేది కాదు. ఎందుకు రాదో చెప్పే పెద్దదిక్కు దగ్గర లేక పుస్తకాల్లో వెతుక్కున్నాను.

1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు వరసగా కెమెరాలు పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని అడుగడుగునా ఫొటో తీశాడు. గుర్రం నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణం ఉన్నమాట నిజమే. అయితే అప్పుడు ఆ కాళ్లు పొట్ట కింద ముడుచుకుని ఉన్నాయి. అంతకుముందు తరాల చిత్రకారులు ముందు కాళ్లు ముందుకూ వెనక కాళ్లు వెనక్కూ చాచి గాలిలో తేలే గుర్రాల్ని వేసేవారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ గుర్రప్పందెం బొమ్మలో అలాగే ఉంటుంది. ఫొటో ప్రకారం అది తప్పు. అయినా శిల్పి రోడిన్ జెరికో పక్షమే వహించాడు. కాలం ఆగదు కాబట్టి ఆగిన క్షణాన్ని చూపించే ఫొటోయే అబద్ధమాడుతోందనీ, ముందు క్షణాన్నీ తర్వాతి క్షణాన్నీ ఒకే ఒంట్లో కలిపి చూపించే చిత్రకారుడే నిజం చెబుతున్నాడనీ ఆయన వాదన. రోడిన్ శిల్పాల్లో నడిచే మనిషిని చూడు. రెండు పాదాలూ నేలకు ఆనే ఉంటాయి, అయినా మనిషి నడుస్తూనే ఉంటాడు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. మేనల్లుడు పంపిన వీడియోను కదలిక నా ఒంటికి పట్టేదాకా చూస్తాను. తర్వాత ఫోను పక్కగదిలో పెట్టేస్తాను. పాత వార్తాపత్రికల మీద బొగ్గుతో, నిలబడే గీస్తాను. కూర్చుంటే మణికట్టు మాత్రమే ఆడుతుంది. నిలబడితే భుజం నుంచి గీత వస్తుంది. జంట ఒక వైపు తిరిగేటప్పుడు ఆమె భుజాలు తిరుగుడు మొదట్లో ఉంటాయి, తుంటి సగంలో ఉంటుంది, పాదం అప్పటికే చివరికి చేరిపోయి ఉంటుంది. ఏ ఫొటోలోనూ ఇవి మూడూ ఒక్కచోట దొరకవు. బొమ్మలో దొరకాలి.

3. పిల్లవాడి తప్పు దిద్దేముందు ఒక రాత్రి ఆగు.

ఎనిమిదో తరగతి కుర్రాడొకడు సంక్రాంతి సెలవుల తర్వాత తప్పెటగుళ్ల బొమ్మ వేసి తెచ్చాడు. మీలో కొందరు తప్పెటగుళ్లు చూసి ఉండకపోవచ్చు. మా ఉత్తరాంధ్ర యాదవుల ఆట అది. కాళ్లకు గజ్జెలు కట్టి, రొమ్ము మీద గుండ్రటి రేకు తప్పెట వేలాడదీసుకుని, దాన్ని రెండు చేతులా వాయిస్తూ, గంగమ్మ తల్లిని పాడుతూ ఎగిరెగిరి ఆడతారు. ఆట ఊపందుకున్నాక కళ్లకు కాళ్లు విడివిడిగా ఆనవు. ఆ కుర్రాడు తను చూసింది చూసినట్టే వేశాడు. ఒక్కొక్క మనిషికి ఆరేడు కాళ్లు, చేతుల చుట్టూ చేతులు. నేను ఎర్ర సిరాతో అదనపు కాళ్లన్నీ కొట్టేసి, "మనిషికి కాళ్లెన్ని?" అని రాసి ఇచ్చాను. క్లాసంతా నవ్వింది.

చాలా ఏళ్లకు విశాఖలో ఒక లైబ్రరీలో ఇటలీ ఫ్యూచరిస్టుల పుస్తకం చేతికొచ్చింది. జాకొమో బల్లా 1912లో వేసిన కుక్క బొమ్మ కనిపించింది. గొలుసు పట్టుకుని ఒకామె నడిపిస్తున్న చిన్న కుక్క. దానికి ఎన్ని కాళ్లో, తోకలు ఎన్నో, గొలుసులు ఎన్నో. అదే ఏడాది మార్సెల్ దుషాం మెట్లు దిగే మనిషిని పొరలు పొరలుగా వేశాడు. జీనో సెవెరీని పారిస్ నృత్యశాలను ముక్కలు చేసి మళ్లీ తిరిగేలా అమర్చాడు. 1913లో, టాంగో పారిస్‌ను ఊపేస్తున్న రోజుల్లో, ఆయన టాంగోను కూడా వేశాడు. కదలికను బొమ్మలోకి తేవడానికి యూరప్‌లో మహామహులు వెతికి పట్టుకున్న దారిని మా ఊరి కుర్రాడు ఎవరూ చెప్పకుండానే తొక్కాడు. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసిన చెయ్యి నాది.

ఆ తర్వాత వాడు బొమ్మల జోలికి రాలేదు. ఇప్పుడు గాజువాకలో వెల్డింగు షాపు పెట్టుకుని బాగానే ఉన్నాడు. కనబడితే బండి ఆపి మరీ నమస్కారం పెడతాడు. ఆ కాగితం సంగతి గుర్తుందా అని అడగడానికి నాకు ఇప్పటికీ నోరు రాలేదు. మీలో పంతుళ్లయినవాళ్లకు చెబుతున్నాను, పిల్లవాడు తెచ్చిన బొమ్మలో తప్పు కనిపించినప్పుడు ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లండి. వాడు ఏం చూశాడో అడగండి.

4. ఖాళీని కూడా గియ్యాలి.

మతీస్ 1910లో వేసిన నాట్యం బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నీలం, పచ్చ నేపథ్యంలో అయిదుగురు ఎర్రటి మనుషులు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటారు. ముందు భాగంలో ఇద్దరి చేతులు మాత్రం కలవవు. వేళ్లు అందుకోబోతుంటాయి. బొమ్మ మొత్తం తిరిగేది ఆ జానెడు ఖాళీ వల్లే. అక్కడ చేతులు కలిపేసి చూడండి, చక్రం ఆగిపోతుంది.

ధింసాలో ఖాళీ ఉండదు, చేతులు వీపుల వెనక ముడిపడి ఉంటాయి. కాబట్టి అక్కడ గియ్యవలసిన ఖాళీ కాళ్ల దగ్గర, నేలకీ మడమకీ మధ్య. టాంగోలో పైన రొమ్ములు ఆనుకునేంత దగ్గరితనం ఉంటుంది, కింద పాదాలకు చోటు కావాలి కాబట్టి ఎడం ఉంటుంది. ఆ ఇద్దరి మధ్య కోసుగా ఒక ఆకారం ఏర్పడి, అడుగడుక్కీ మారిపోతూ ఉంటుంది. నేను ఇప్పుడు ముందు ఆ ఆకారానికే రంగు వేస్తాను. మనుషులు తర్వాత దాని చుట్టూ వస్తారు.

5. అమ్ముడుపోయే బొమ్మ చేతికి మత్తు.

ఒక హోటలువాళ్లకు ధింసా వరస వేసిచ్చాను. నచ్చింది. ఇంకొకరు అడిగారు, తర్వాత ఒక క్యాలెండరుకి. అదే వరస, అవే కొప్పులు. ఇంటి ఖర్చులకు అక్కరకొచ్చిన డబ్బు అది, తీసుకున్నందుకు బాధ లేదు. కాని ఆ ఏళ్లలో నా చెయ్యి చూడకుండా గియ్యడం నేర్చుకుంది. దాన్ని మళ్లీ చూసేలా చెయ్యడానికి నేర్చుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. చూసి గియ్యడం అంటే ఏమిటో తెలియాలంటే, రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లినప్పుడు వర్ణచిత్రాలు చూసి వచ్చేయకండి, పెన్సిలు స్కెచ్చుల దగ్గర ఆగండి. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయిన మనిషి. అంత చిన్న జీవితంలోనూ ప్రతి మనిషినీ కొత్తగా చూసి గీసుకున్నాడు.

6. దగ్గరున్న గురువును రేపటికి వాయిదా వెయ్యకు.

వడ్డాది పాపయ్యగారు మాకు కూతవేటు దూరంలో, కశింకోటలో ఉండేవారు. వపా సంతకంతో వచ్చే చందమామ అట్టల కోసం, యువ పత్రిక బొమ్మల కోసం చిన్నప్పటి నుంచి పడిగాపులు కాసినవాణ్ణి నేను. ఆయన బొమ్మలో స్త్రీ ఊరికే కూర్చున్నా కదులుతూనే ఉంటుంది. మెడ ఒక వైపు, నడుం ఇంకో వైపు, చూపు మరో వైపు. పమిట చెరగు, జడ, పక్కనున్న కొమ్మ, వెనక కొండ గీత, అన్నీ ఒకే వంపును అందుకుని సాగుతాయి. నాట్యం చెయ్యని మనిషిలో నాట్యం చూపించడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవలసింది నేను.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వైపు ఎన్నోసార్లు వెళ్లాను. అక్కణ్ణుంచి కశింకోట ఎంత దూరం? జనంలోకి పెద్దగా రారని, ఏకాంతం ఇష్టమని విన్నాను. ఇంకొంచెం మంచి బొమ్మలు వేశాక వెళ్దామనుకున్నాను. చూపించుకోదగ్గ బొమ్మ ఒక్కటైనా ఉండాలని నా పట్టు. 1992 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. వెళ్లి ఉంటే కసిరి పంపేవారేమో, అయినా ఆ కసురు కూడా నాకు పాఠమే అయ్యేది. విజయనగరంలో అంట్యాకుల పైడిరాజుగారి విషయంలోనూ ఇంతే. పల్లె పడుచుల ఒంటి ఒయ్యారాన్ని గీతలోనూ శిల్పంలోనూ పట్టిన మనిషి, ఆయన్నూ కలవలేదు. మీకు తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే మీ బొమ్మలు బాగున్నా లేకున్నా ఈ వారమే వెళ్లండి.

7. దూరపు నాట్యం సొంత ఊరిని చూపిస్తుంది.

మనకెందుకు టాంగో అన్నదానికి నా జవాబు ఇక్కడుంది. ఆ నాట్యం పుట్టింది రాజాస్థానాల్లో కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర రియో దె లా ప్లాతా నదీముఖాన ఉన్న రెండు రేవుపట్నాలు, బ్యూనస్ ఎయిర్స్, మాంటెవిడియోల పేదవాడల్లో పుట్టింది. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కి వచ్చినవాళ్లు, ఒకప్పుడు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ల సంతానం, పశువులు కాసుకునే పల్లెవాళ్లు ఒకచోట చేరి, ఒకరి అడుగు ఒకరు నేర్చుకుని కట్టుకున్న ఆట అది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆ రేవుల నాట్యాలను బాగా వేసినవాడు ఉరుగ్వే చిత్రకారుడు పెద్రో ఫిగరి. వృత్తికి లాయరు. అరవయ్యో ఏట అన్నీ వదిలి, 1921లో బ్యూనస్ ఎయిర్స్ చేరి, చిన్నప్పుడు చూసిన ఆఫ్రికన్ల కాందోంబె ఆటలను జ్ఞాపకం నుంచి అట్టముక్కల మీద వేశాడు. వయసు మళ్లింది అనిపించినప్పుడల్లా నేను ఆయన్ను తలుచుకుంటాను.

మనదీ రేవు ఊరే. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది, తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చింది, ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. భూములిచ్చి కదిలిపోయినవాళ్లూ ఉన్నారు. మా అచ్యుతాపురం నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వరిచేలు, సరుగుడు తోటలు, కొండకర్ల ఆవ సరస్సుకు వచ్చే పక్షులు. ఇప్పుడు ప్రత్యేక ఆర్థిక మండలి, మందుల కంపెనీలు, బ్రాండిక్స్ దుస్తుల పార్కు. షిఫ్టు విడిచే వేళకు వేలమంది ఆడపిల్లలు ఒక్కసారి రోడ్డు మీదికి వస్తారు. టాంగో వెయ్యడం మొదలుపెట్టాకే వాళ్లు నా కంటికి ఆనారు. రోజంతా కుట్టుమిషను ముందు కూర్చున్న నడుం మొదటి పది అడుగుల్లో ఎలా విప్పుకుంటుందో, ఇద్దరు స్నేహితురాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నడిస్తే ఇద్దరి అడుగూ ఎంత తొందరగా ఒకటవుతుందో, బస్సు కదులుతుంటే పరుగెత్తే పిల్ల ముందు భుజాన్ని ఎలా విసురుతుందో. డెగా పారిస్ బాలే అమ్మాయిల్ని వందల బొమ్మల్లో వేసినా, రంగస్థలం మీద మెరిసే వేళకంటే రిహార్సలులో ఆవలించడం, చెప్పు రిబ్బను కట్టుకోవడం, మడమ నొక్కుకోవడం ఆయనకు ఎక్కువ ఇష్టం. కష్టపడే ఒళ్లుగా వాళ్లను చూశాడు. మన రోడ్డు మీద ఆ ఒళ్లు రోజూ సాయంత్రం నడిచిపోతుంటే నేను అరకు రైలెక్కి పోయేవాణ్ణి.

8. సరిగ్గా వేసిన కదలిక పోయిన ఆటను తిరిగి తెస్తుంది.

పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. కాకతీయుల సేనాని జయప ఆ శతాబ్దంలోనే నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథం రాశాడు. కాకతీయులతోపాటే పేరిణి ఆట అడుగంటింది. శతాబ్దాల తర్వాత నటరాజ రామకృష్ణగారు ఆ గుడి రాళ్ల మీద ఉన్న నర్తకుల భంగిమల్నీ ఆ గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని మళ్లీ మనుషుల ఒంట్లోకి తెచ్చారు. ఆ శిల్పి మోకాలి వంపును అలంకారం కోసం మార్చేసి ఉంటే, పాదం నేలను ఎక్కడ తాకుతోందో నిర్లక్ష్యం చేసి ఉంటే, ఆ దారి మూసుకుపోయేది.

అందుకే కొన్నేళ్లుగా బొమ్మల పక్కన అడుగుల పుస్తకాలు కూడా రాస్తున్నాను. ప్రతి పేజీలో ఏ పాదం ముందు, ఎటు తిరిగింది, ఏ దెబ్బ మీద పడింది అన్నీ ఉంటాయి. ఆడేవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల పొద్దుకు కూలి ఇచ్చి, వాళ్ల పేర్లు రాసుకుని చేస్తున్నాను. తొలిరోజుల్లో ఆ మూడు పనులూ చెయ్యలేదు. అప్పటి నా ధింసా బొమ్మల్లో ఒక్క మనిషికీ పేరు లేదు. ఆ పెద్దావిడ పేరు కూడా నాకు తెలియదు.

ధింసాలో బోడ ధింసా బాగా రాసుకున్నాను. నెమలి ఈకల కట్ట పట్టుకున్న మనిషి ముందుంటాడు, రెండు వరసలు మెలికలు తిరిగి ఒకటై, మళ్లీ విడిపోతాయి. ఆకులు ఏరే పొతర్ తోలా, పులి నుంచి తప్పించుకునే బాగ్ ధింసా, నేల దాకా వంగి లేచే గొడ్డి బేట, వీటికీ పేజీలున్నాయి. భుజాలతో ఒకరినొకరు తోసుకునే కుందా ధింసా, దేవత పూనినవాళ్లు ఆడే బాయా ధింసా నా పుస్తకాల్లో సరిగా లేవు. ఘాటు రోడ్డు ఎక్కే ఓపిక ఇక నాకు లేదు. చైత్రంలో ఇటుకల పండగకు ఏజెన్సీ వెళ్లేవాళ్లెవరైనా ఆ వరసలో చేరి, ఆడి, నేర్చుకుని వస్తే ఆ పేజీలు మీ పేరుతోనూ నేర్పినవాళ్ల పేరుతోనూ చేరుస్తాను. గీతలు గీసిన పుస్తకం, బొగ్గు ముక్కలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి.